అటక మీది కాపురము

ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే లాఫ్టు అనే మాటకు ఎదురుగా అటక అని ఉంటుంది. చోడవరము చుట్టుప్రక్కల పల్లెలలో పుట్టి పెరిగిన మన పాఠకులకు అటక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తాటాకు చుట్టిళ్ళలో గోడల మీద దుంగలు పరచి, మట్టి మెత్తి చేసిన అటక ఉండేది. ఎండ వేడిమి క్రిందికి దిగకుండా అది కాపాడేది. దాని మీద విత్తనాల కుండలు, పండుగకు తప్ప దిగని ఇత్తడి గుండిగలు, ఎప్పుడో విరిగిన ఉయ్యాల బల్ల ఉండేవి. ఏ పనైనా అటకెక్కిందంటే అది ఇక జరగదని మనవాళ్ళ మాట.

అట్టి అటకను నేడు అమెరికాలో కోట్ల రూపాయలకు అమ్ముతున్నారంటే ఎవరైనా నవ్వుతారు. మా దగ్గరకు ఆలోచన చెప్పమని వచ్చిన ఒక దంపతులలో అమ్మగారు అలాగే నవ్వారు. "అయ్యగారూ, అటక మీద బూరెల మూకుడు పెట్టుకుంటాము గాని కాపురము పెడతామా?" అన్నారు. వారి కుమారుడు న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉద్యోగము చేస్తున్నాడు. పాత గిడ్డంగిని బాగుచేసి ఇళ్ళుగా మార్చిన చోట ఒక లాఫ్టు చూసుకున్నాడు. పదిహేను అడుగుల కప్పు, గోడంత కిటికీలు, సున్నము వేయని ఎర్ర ఇటుక గోడ. మొదట కట్టవలసిన సొమ్ము చాలలేదు గనుక, చోడవరములోని పాత పెంకుటిల్లు అమ్మి పంపమని తండ్రిని అడిగాడు. ఇది అతని దురాశ అని మేము అనము. పిల్లలున్న ఇంటికి సొంత గడప కావాలనుకోవడము తప్పు కాదు. అయితే ఆ గడప వెనుక కథ ఏమిటో తెలిసికొని అడుగు వేయడము మంచిది.

ఈ లాఫ్టుల కాపురము పేరుపొందినది న్యూయార్కు నగరములోని సోహో అనే పేటలో. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడ గుడ్డల వ్యాపారులు, చిన్న కర్మాగారముల వారు పోత ఇనుముతో భవనాలు కట్టారు. స్తంభాలు, ముఖభాగాలు వేరొకచోట పోతపోసి తెచ్చి ఇక్కడ బిగించేవారు. బరువును ఇనుము మోయగలదు గనుక గోడలలో పెద్ద పెద్ద కిటికీలు పెట్టే వీలు కలిగింది. కరెంటు దీపాలు లేని ఆ రోజులలో పనివారికి అదే వెలుతురు. ఎలీషా ఓటిస్ అనే ఆయన మనుషులు భయము లేకుండా ఎక్కే లిఫ్టును మొట్టమొదట అమర్చినది కూడా ఈ పేట అంచున హావౌట్ వారి పింగాణీ సామానుల దుకాణములోనే, 1857లో. (మన బైబిలులోని ఎలీషాకు షూనేమీయురాలు మేడ మీద చిన్న గది కట్టించి ఒక మంచము, బల్ల, పీట, దీపస్తంభము పెట్టింది. ఈ ఎలీషా పై అంతస్తుల ధర ఎలా పెరగాలో చూపించాడు!)

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత గుడ్డల పరిశ్రమ ఆ పేటను విడిచిపోయింది. భవనాలు ఖాళీ పడ్డాయి. అగ్నిప్రమాదాలు ఎక్కువై, అగ్నిమాపక దళము వారు ఆ ప్రాంతాన్ని నరకపు నూరెకరాలు అని పిలిచారు. 1960ల నాటికి చిత్రకారులు, శిల్పులు చవక అద్దెకు వచ్చి అక్కడ చేరారు. పెద్ద బొమ్మలకు పెద్ద గది కావాలి కదా. చట్టప్రకారము ఆ భవనాలలో కాపురము ఉండకూడదు. అందుచేత దొంగచాటుగా ఉండేవారు. వంటగది లేదు, చలికాలము రాత్రులు వేడి లేదు. నిప్పంటుకుంటే లోపల మనిషి ఉన్నాడని తెలియడానికి గుమ్మము దగ్గర ఏ.ఐ.ఆర్. అని, అనగా కళాకారుడు నివసిస్తున్నాడని, బోర్డు పెట్టేవారు. 1971లో నగరము వారు కళాకారులకు అనుమతి ఇచ్చారు. 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతముగా ప్రకటించారు. 1982లో లాఫ్టు చట్టము వచ్చింది.

అనుమతి వచ్చిన తరువాత ధర వచ్చింది. ధర వెంట డబ్బున్నవారు వచ్చారు. పెచ్చులూడిన గోడ, పైన కనిపించే గొట్టాలు ఒకప్పుడు లేమి గుర్తులు. అవే హోదా గుర్తులయ్యాయి. షారన్ జూకిన్ అనే సమాజశాస్త్రవేత్త ఈ మార్పును గురించి 1982లోనే ఒక పుస్తకము వ్రాశారు. జెర్సీ సిటీలోను ఇదే జరిగింది. లోరిలార్డు పొగాకు కంపెనీ వారి పాత భవనములో ఎంతో కాలము కళాకారులు పనిచేసుకున్నారు. వారిని ఖాళీ చేయించి, 2007లో ఆ భవనమునే పడగొట్టారు. పేటకు పేరు తెచ్చినవారికి ఆ పేటలో చోటు మిగలలేదు.

ఇది అమెరికా సంగతి మాత్రమే అనుకోకండి. బొంబాయి గుడ్డల మిల్లులలో మన తెలుగు నేతపనివారు, ముఖ్యముగా కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతముల పద్మశాలీలు, తరతరాలుగా పనిచేశారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వములో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె విరమించినట్లు ఎవరూ ప్రకటించనే లేదు. మిల్లులు మాత్రము ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2001లో నిబంధనలు మార్చి, 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించిన తరువాత మిల్లుల స్థలములలో ఆకాశహర్మ్యాలు లేచాయి. లోయర్ పరేల్‌లోని ఫీనిక్సు మిల్లు నేడు పెద్ద బజారు. పొగగొట్టము మాత్రము అలాగే నిలబెట్టారు, అలంకారముగా. పాత కార్మికుల కొరకు ప్రభుత్వము లాటరీ తీసి ఇచ్చిన ఇళ్ళు చాలావరకు 225 చదరపు అడుగులవే.

పాత కట్టడమును పడగొట్టక బాగుచేసి వాడుకోవడము మాకు ఇష్టమైన సంగతే. హైదరాబాదులో 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా ప్యాలెస్ శిథిలము కాకుండా ఏళ్ళ తరబడి మరమ్మతు జరిగి 2010లో హోటలుగా తెరుచుకుంది. మన ఊళ్ళలో అంత ఓపిక కనబడదు. మండువా ఇల్లు పడగొట్టడానికి రెండు రోజులు చాలు. దాని టేకు దూలాలకు, ద్వారబంధాలకు పట్నములో గిరాకీ ఉన్నదని అందరికీ తెలుసు. బాగుచేయాలనుకున్నవారికి ఒక మాట. పాత గోడలు డంగు సున్నముతో కట్టినవి. ఆ సున్నములో కరక్కాయ నీళ్ళు, బెల్లము కలిపేవారు (అనకాపల్లి బెల్లము ఇక్కడికి దగ్గరే కదా). సున్నపు గోడ తేమను పీల్చి విడుస్తుంది. దానిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకొని గోడ చెడుతుంది. తాపీమేస్త్రీ సిమెంటు అంటే గట్టిదని చెప్తాడు. వినవద్దు.

ఇప్పుడు మన నగరాలలో కొత్తగా కట్టే ఫ్లాట్లకు కూడా లాఫ్టు అని పేరు పెట్టి అమ్మేవారున్నారు. విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున అద్దాల గోడల గతి ఏమైనదో చూసినవారు ఎందరో ఉన్నారు. ఎత్తు కప్పు మనకు చల్లదనమే గాని, పడమటి ఎండకు ఎదురుగా గోడంత అద్దము పెడితే ఆ ఇంటిని చల్లబరచడానికి వచ్చే కరెంటు బిల్లు ఎవరు కడతారో ఆలోచించుకోవాలి.

మరల ఆ దంపతుల సంగతి. మేము మొదట అడిగినది ఇంటి ధర కాదు, ఇల్లు ఎవరిదని. అయ్యగారి తండ్రిగారు కట్టించిన ఇల్లు. ఆయన వీలునామా వ్రాయలేదు. భార్య ఆయనకంటే ముందే ప్రభువునందు నిద్రించారు. పిల్లలు ముగ్గురు: ఈయన, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. భర్త పోయిన పెద్దక్కగారు ఆ ఇంటి వెనుక గదిలోనే ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. ఇంటిలో అందరూ ఆమెను తమ్ముని నీడలో ఉన్న మనిషిగానే చూస్తున్నారు, ఆమె కూడా అలాగే అనుకుంటున్నారు. కాని మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము కొడుకుకు, కూతురుకు తేడా లేదు. ఆ ఇంటిలో మూడవ వంతు ఆమెదే. చెల్లెలిది మరొక మూడవ వంతు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కట్నమిచ్చి పంపితే ఆడపిల్ల వాటా తీరిపోయిందని మన సంఘములలో ఇంకా నమ్ముతున్నారు. అది చట్టమూ కాదు, న్యాయమూ కాదు.

ఆయన ఇంటికి వెళ్ళి అక్కగారికి చెప్పారు. ఆమె సంతకము పెడతానన్నారట. అయితే ఇల్లు అమ్మితే తాను ఎక్కడ పడుకోవాలో చెప్పమన్నారట. ఇరవై ఏళ్ళలో ఆమె ఏదైనా అడగడము అదే మొదటిసారి అని ఆయన మాతో అన్నారు.

కుమారుడికి కూడా వ్రాయించాము. ఇక్కడినుండి పంపగల సొమ్ముకు రిజర్వు బ్యాంకు ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి పెట్టింది, పన్ను లెక్కలు వేరు. అది చిన్న సంగతి. తండ్రికి న్యాయముగా వచ్చేది ఇంటి ధరలో మూడవ వంతే గనుక, ఆ మూడవ వంతుతో అతని లెక్క కుదురుతుందా? న్యూజెర్సీలో ఇంటిపన్ను ఆ దేశములోనే అధికమైన వాటిలో ఒకటి. దానికి తోడు పాత భవనము గనుక కప్పు, లిఫ్టు, ఇటుక గోడల మరమ్మతుకు యజమానుల సంఘము ఎంత నిధి ఉంచింది? ఆ లెక్కల కాగితాలు తెప్పించుకొన్నాడా? తెప్పిస్తానన్నాడు. చిన్న చెల్లెలుగారు నర్సీపట్నము నుండి వచ్చే ఆదివారము వస్తున్నారు. ముగ్గురూ కలిసి కూర్చున్న తరువాతనే బేరగాడిని పిలుస్తామని ఆయన చెప్పారు.