కొర్రకంకుల తోరణం

పెండ్లి అనగానే తెలుగువారి మనసులో ముందుగా మెదిలేది పందిరి. మంగళవాద్యాలు, మంత్రాలు, విందు, వినోదం అన్నీ దాని నీడకు వచ్చి చేరవలసినవే. ఇంటి ముందు గుంజ పాతి, దానికి పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టిన క్షణం నుంచే ఆ ఇంట శుభకార్యం మొదలైనట్లు ఊరివారు లెక్కపెట్టుకొంటారు. ఆ తరువాత పందిరి వేయడానికి ఎవరినీ ప్రత్యేకించి పిలవనక్కరలేని రోజులు రాయలసీమ పల్లెలలో ఉండేవి. ఒకరు కొయ్యలు తెచ్చేవారు. మరొకరు మామిడి మండలు కోసుకొని వచ్చేవారు. పిల్లలు ఆకులు అందించేవారు. ముసలివారు అరుగు మీద కూర్చుండి పనితీరు సరిదిద్దేవారు. పొద్దు గుంకే వేళకు పందిరి సిద్ధమయ్యేది. దానికి ఇంత ఖర్చయిందని లెక్క వ్రాసుకొన్నవారు అరుదు.

ఈనాడు ఆ లెక్క వ్రాసుకొనక తప్పడం లేదు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప పట్టణాలలోని కల్యాణమండపాలలోనే కాదు, మెట్ట పల్లెలలో సైతం పెండ్లి అలంకారం గుత్తపని అయింది. గుత్తదారు సెల్‌ఫోనులో బొమ్మలు చూపుతాడు. ఒక బొమ్మకు ఒక ధర. దాని ప్రక్క బొమ్మకు అంతకు మించిన ధర. ఆ బొమ్మలలోని పూలలో చాలా భాగం ఈ నేలలో పూసేవి కావు. బెంగుళూరు వైపు నుంచి పెట్టెలలో దిగవలసినవి. అవి దొరకనప్పుడు ప్లాస్టిక్కు పూలు వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. ఇన్ని బొమ్మలలో పెండ్లికూతురు తండ్రి దేని మీద వేలు పెడతాడు? తన శక్తికి తగినదాని మీద కాదు. నిరుడు పొరుగింటివారు పెట్టించినదానికి తీసిపోనిదాని మీద.

ఇది వట్టి అభిరుచికి సంబంధించిన విషయమైతే ఎవరి ఇష్టం వారిదని ఊరకుండవచ్చును. కాని ఇది మెట్టసేద్యపు నేల. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో ఏడాది మొత్తానికి పడే వర్షం సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అదైనా అదనులో పడుతుందన్న భరోసా లేదు. పందొమ్మిదో శతాబ్దిలో తవ్విన కర్నూలు-కడప కాలువ మొదలుకొని ఇటీవలి కాలువల వరకు నీరు అందిన భూములను మినహాయిస్తే, తక్కిన రైతుల బ్రతుకు మేఘం మీదనో బోరుబావి మీదనో ఆధారపడినదే. ఇట్టి చోట, పత్తి చేతికి వస్తుందని, శనగకు ధర పలుకుతుందని తలచి తెచ్చిన అప్పులో కొంత భాగం మంటపం మీది పూలకు పోతున్నది. పూలు సాయంత్రానికి వాడిపోతాయి. వడ్డీకి వాడిపోయే గుణం లేదు.

అలంకారమే వద్దనడం దీనికి విరుగుడు కాదు. పెండ్లినాడు ఇల్లు కళకళలాడాలని కోరుకొనడం తప్పనేవాడు మానవహృదయం ఎరుగనివాడు. బీదవానికి సౌందర్యం అనవసరమనడం కంటె క్రూరమైన మాట వేరొకటి ఉండదు. అసలు ప్రశ్న అలంకారం ఉండాలా, వద్దా అన్నది కాదు. అది ఎవరి చేతి నుంచి రావాలన్నది. తమ ఇంటి పందిరిని తాము అలంకరించుకొనడం పిసినారితనం కాదు. కరవు నేలలో పుట్టి పెరిగిన ఒక కళకు మళ్ళీ చోటివ్వడం.

ఈ ఎండిన నేలలో అలంకారానికి ఏమున్నదని అడిగేవారుంటారు. బనగానపల్లె పేరు మామిడిపండు వలన దేశమంతటా తెలుసు. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. పండు పేరు మోసిన చోట ఆకుకు కరవుండదు గదా! మామిడాకును కాడ దగ్గర మడిచి, ఈనెపుల్లతో గుచ్చి, పురికొసకు వరుసగా కూర్చుకొంటూ పోతే గుమ్మానికి తోరణం అమరుతుంది. మామిడి దొరకని పల్లెలో వేప, కానుగ ఉండనే ఉన్నాయి. ఎండలు మండే వైశాఖంలో కూడ కానుగకొమ్మ పచ్చగా నిగనిగలాడుతుంది.

ఇక మెట్టచేను ఇచ్చే నగలు వేరే ఉన్నాయి. కొర్రకంకి పక్వానికి వచ్చినప్పుడు బంగారు రంగుకు తిరిగి, తన బరువుకు తానే తల వంచుతుంది. ఆరబెట్టి దాచిన కంకులను పదేసి చొప్పున చేర్చి, కుచ్చులుగా కట్టి, పందిరి వాసాలకు వ్రేలాడదీస్తే జరీకుచ్చులు వాటి ముందు వెలవెలపోతాయి. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపడిన ఊరు. పత్తిని సన్నగా సాగదీసి, నడుమ నడుమ నలిపి, పసుపు కుంకుమలు అద్ది, పూజకు గెజ్జెవస్త్రం చేయడం తెలిసిన స్త్రీలు ఎన్నో ఇండ్లలో ఉన్నారు. దేవునికి పనికివచ్చిన ఆ దండ మంటపపు స్తంభానికి పనికిరాకపోదు. కడప బండ నల్లనిది. కడిగిన నల్లబండ మీద తెల్లని ముగ్గు తీరిస్తే, ఆ శోభ అద్దెకు తెచ్చిన తివాచీకి ఎక్కడిది?

పూల విషయంలో కావలసినది డబ్బు కంటె తెలివి. ఏ ఋతువుకు ఆ పూవు. చలికాలపు ముహూర్తాలకు బంతి, చేమంతి. వేసవి ముహూర్తాలకు మల్లె. కనకాంబరానికి వాసన లేదు గాని, త్వరగా వాడని గుణమున్నది; కనుక ముందునాడే కట్టి ఉంచదగిన పూవు అది. మల్లెలను మొగ్గలుగా ఉన్నప్పుడే కోసి కట్టాలి. విచ్చుకొనే పని అవి పందిట్లో చూచుకొంటాయి. అంగడిలో విడిపూలను తూకానికి అమ్ముతారు. కట్టిన పూలను మూరకు అమ్ముతారు. ఆ రెండు ధరల నడుమ ఉన్న తేడాలో ముఖ్యభాగం చేతిపని వెల. రాత్రి భోజనాలైన తరువాత చుట్టాలు నలుగురు చాప పరచుకొని కూర్చుంటే ఆ వెల ఇంటనే మిగులుతుంది. తడిపిన అరటినారతో కడితే దారం కూడ కొననక్కరలేదు. కట్టిన దండలను వెదురుబుట్టలో పేర్చి, తడిగుడ్డ కప్పి, చల్లనిచోట ఉంచితే తెల్లవారేదాకా తాజాగా ఉంటాయి.

చేతితో చేసిన అలంకారానికి గౌరవం తక్కువని తలచేవారు ఒకసారి శ్రీశైలం వైపు చూడవలె. మహాశివరాత్రినాడు మల్లికార్జునస్వామి కల్యాణానికి ముందు జరిగే అలంకారం పేరు పాగా. చీరాల ప్రాంతపు నేతపనివారు రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన వస్త్రం అది. ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పివేసిన చీకటిలో దానిని స్వామివారి గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందులను కలుపుతూ చుడతారు. పెండ్లికొడుకైన శివునికి తలపాగా అదే. స్వామికి బంగారుపాగా చేయించగల ధనవంతులు లేకపోలేదు. అయినా ఆయనకు కావలసింది నేతగాని జీవితంలోని ఒక సంవత్సరం. మానవుల పెండ్లిండ్లలో కూడ ఇట్టి ఉదాహరణలు ఉన్నాయి. 1942 మార్చి 26న అలహాబాదులో ఇందిర వివాహం జరిగినప్పుడు ఆమె ధరించిన చీర, తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ జైలులో వడికిన నూలుతో నేసినది. పట్టుచీర కొనే స్తోమతు లేక ఆ తండ్రి నూలు వడకలేదు గదా!

సీమలోని దేవుళ్ళ పెండ్లిండ్లు నేర్పే పాఠం ఇంకా ఉన్నది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడి చెంచుల ఇంటి అల్లుడైనవాడు. ఏటా కనుమ పండుగనాడు పల్లకి ఎక్కి, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతూ, తన కల్యాణానికి రమ్మని స్వయంగా పిలుస్తాడని ప్రజల విశ్వాసం. ఆ పారువేటలో పల్లకి ఆగే తిన్నెలను తెలుపులంటారు. దేవుడంతటివాడు ఊరూరా వచ్చి పిలవడమే అక్కడి వైభవం. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం పగలు కాక రాత్రివేళ, చైత్రమాసపు వెన్నెలలో జరుగుతుంది. రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి అది ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతున్నది. విద్యుద్దీపాలు కూడ వెలుగుతున్నాయి. అయినా ఆ కల్యాణానికి పేరు తెచ్చినది వెన్నెలే. వెన్నెలకు గుత్తదారు లేడు.

ఈ మాట ఒక మతానికి సంబంధించినది కాదు. కర్నూలు, కడప నవాబుల ఏలుబడి చూచిన పట్టణాలు. ముస్లిముల ఇండ్లలో వరుని ముఖం మీద పూలసరాలుగా జాలువారే సెహరాకు, హిందువుల ఇండ్లలో నుదుట కట్టే బాసికానికి పేర్లు వేరు గాని పరమార్థం ఒకటే. తమ ఇంటి బిడ్డ ఆనాడు అందరిలో ప్రత్యేకంగా కనిపించాలన్న మురిపెం అది. ఆ మురిపెం చేతివేళ్ళ గుండా వ్యక్తమైనప్పుడు ఉండే నిండుతనం, రొక్కం గుండా వ్యక్తమైనప్పుడు ఉండదు.

అలంకారం ఇంటనే చేసుకొంటే పూలరైతు గతి ఏమిటని కొందరు ఆక్షేపిస్తారు. అతని బంతిపూలు కొనవద్దని ఎవరూ అనడం లేదు. నేరుగా అతని తోటకు పోయి కొనమనడమే. అప్పుడు దూరపు పూలకు పోయే రూకలు ఊరిపూలకు వస్తాయి.

దీనికంటె బరువైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. పాతకాలపు పందిరిని పొగిడేవారు దాని క్రింది చీకటిని కూడ చూడవలె. పందిరికి మేలుకట్టు కట్టిన రజకుడు, సుద్దతో, జాజుతో చిత్రించిన ఐరేణి కుండలు తెచ్చిన కుమ్మరి, డప్పు కొట్టినవారు, వీరంతా తరచు కులం కట్టిపెట్టిన చాకిరీ చేసినవారే. వారికి ముట్టినది ఆసామి కొలిచి పెట్టినంత. కొందరిని ఆ పందిరి క్రిందికి రానివ్వను కూడ లేదు. ఇంటి లోపల రాత్రులు మేల్కొని పూలు గుచ్చినది స్త్రీలు. గుంజకు ఆనుకొని తాంబూలం నమిలినది పురుషులు. ఆ పద్ధతి యథాతథంగా తిరిగి రావాలని కోరడం న్యాయం కాదు. కుమ్మరి కుండకు, బెండుతో బాసికం చెక్కినవాని పనితనానికి బేరమాడక రొక్కం ఇవ్వాలి. పూలు గుచ్చే చాప మీద ఇంటి మగపిల్లలకు కూడ చోటుండాలి. మామిడాకు కుట్టడానికి మగవాని వ్రేళ్ళు పనికిరావని ఏ శాస్త్రమూ చెప్పలేదు. తీరిక లేదన్న మాటకు కూడ ఇదే సమాధానం. పది చేతులు కలిస్తే ఒక రాత్రి చాలు.

అలంకారపు ఖర్చు తగ్గించినంత మాత్రాన పెండ్లి అప్పు తీరదన్నది నిజమే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో పోసే ధనం ముందు పూలఖర్చు ఏపాటిది? వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, కట్నం పేర్లు మార్చుకొని నడుస్తూనే ఉన్నది. ఐతే గొలుసును ఎక్కడో ఒకచోట త్రెంచాలి. పెండ్లిలో నలుగురి కంట మొదట పడేది పందిరి. అక్కడ ‘ఇది మేమే చేసుకొన్నాము’ అని తల ఎత్తి చెప్పగలిగిన కుటుంబానికి, తక్కినచోట్ల ‘ఇది మాకు వద్దు’ అని చెప్పే ధైర్యం కూడ అలవడుతుంది. పొరుగింటి బొమ్మను చూచి అప్పు చేసినవారు, పొరుగింటి తోరణాన్ని చూచి అప్పు మానుకొనకూడదా?

కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి అలంకారానికి వాడే థర్మోకోలును నిషేధించింది. చట్టం చేయగలిగినది అంతవరకే. పందిరిని తిరిగి ఇంటివారి చేతికి ఇచ్చే పని చట్టానిది కాదు. పెండ్లి మరునాడు గుత్తదారు చట్రాలు విప్పుకొనిపోయాక, మండపం వెనుక మట్టిలో కలవని ప్లాస్టిక్కు పూలూ, ఇంటివారి చేతిలో బాకీ చీటీ మిగులుతాయి. ఇంట కట్టుకొన్న పందిరి సంగతి అట్లా కాదు. విప్పిన మామిడాకులు ఎరువుకుప్పకు చేరుతాయి. పత్తి దీపపు వత్తులకు పనికివస్తుంది. కొర్రకంకులను మాత్రం విప్పనక్కరలేదు. గుమ్మానికి అట్లాగే వదలివేయవచ్చును. కొన్నాళ్ళపాటు ఆ గుమ్మం ముందు పిచ్చుకలు వచ్చి వాలుతాయి. అప్పులవాడు వచ్చి నిలబడడు.