చేత్తోనే తినండి

ఈ నెల ముఖచిత్ర కథనం ఢిల్లీ ఐటీసీ మౌర్య హోటల్లోని బుఖారా మీద. 1970ల చివర్లో తెరిచిన ఈ భోజనశాలలో మెనూ ఇప్పటికీ పెద్దగా మారలేదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ తిని వెళ్లాక ఆయన పేరిట ఓ ప్లేటరే పెట్టారు. సరే, అది వ్యాపారం. నన్ను కట్టిపడేసింది మాత్రం దాల్ బుఖారా. మనం గారెలకు రుబ్బే మినుములే. వాటిని పొట్టుతోనే టమాటా, అల్లం, వెల్లుల్లి వేసి తందూరు నిప్పుల సెగ మీద రాత్రంతా ఉడకనిస్తారు. వెన్న, మీగడ వేశాక గరిటె జారుగా, నల్లగా, చిక్కగా తయారవుతుంది. ఇంత ఖరీదైన చోట చెంచాలు, ఫోర్కులు పెట్టరు. మెడకో గళ్ల ఏప్రాన్ కట్టి, చేత్తో తినమంటారు. ఆ మర్యాద మనకు కొత్తేం కాదు. బిల్లు సంగతి కథనంలో ఉంది, భోంచేశాకే చదవండి.