గడ్డి అమ్మే ముందు పొటాష్ లెక్క చూసుకోండి

వరిగడ్డి నుంచి ఇథనాల్ ఎలా తీస్తారో పై వీడియోలో చూశారు కదా. గడ్డిని మెత్తబరిచి, ఎంజైములతో చక్కెరగా మార్చి, ఈస్ట్‌తో పులియబెడతారు. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ప్లాంటును 2022 ఆగస్టులో ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీసేలా కట్టారు. అంటే టన్నుకి 150 లీటర్లు.

పొలంలో కాల్చి పొగ చేసేకంటే ఇది చాలా నయం. కానీ ఒక మాట. టన్ను వరిగడ్డిలో 12 నుంచి 17 కిలోల దాకా పొటాషియం ఉంటుంది. అది ఇథనాల్‌లోకి పోదు. ప్లాంటు బూడిదలో, మడ్డిలోనే మిగిలిపోతుంది. మనమేమో గడ్డి అమ్మిన డబ్బుతో పొటాష్ బస్తా కొనుక్కొస్తాం!

నేను బేలర్ కిరాయికి తిప్పేవాణ్ణే. ఎక్కువ కట్టలు కడితే నాకే లాభం. అయినా చెప్తున్నా: గడ్డి ముందు పశువులకి, తర్వాత నేలకి ఆచ్ఛాదనగా, మిగిలితేనే అమ్మకానికి. రేపు మన దగ్గర ప్లాంటు పెట్టినా, టన్ను రేటు ఒక్కటే అడగొద్దు. ఆ బూడిద తిరిగి మన పొలానికి ఎలా వస్తుందో కూడా అడగండి.