వెళ్లండి, వెళ్లకండి

"లోపలికి వెళ్లండి." "లోపలికి వెళ్లకండి."

ఈ రెండు మాటలకీ తేడా ఒక్క 'క'. మంటలంటుకున్న బిల్డింగు కింద నిలబడి ఒక ఫైర్ ఆఫీసరు వాకీటాకీలో రెండో మాట చెప్పాడనుకోండి. మెట్ల మీదున్న మనిషికి గరగర మధ్యలో ఆ 'క' వినపడకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ప్రొఫెషనల్ రేడియో సెట్టు ఖరీదంతా ఆ ఒక్క 'క' కోసమే అని నా అభిప్రాయం. ఆ ఖరీదు న్యాయమైనదేనని కూడా.

మన ఈసీఈ వాళ్ల మధ్య ఈ వాదన తరచూ వస్తుంది. కొన్ని వేల రూపాయలకి దొరికే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా పడుతుంది. ల్యాప్‌టాప్ మీద రంగురంగుల వాటర్‌ఫాల్ చూపిస్తుంది. ప్రొఫెషనల్ వీహెచ్ఎఫ్ సెట్టు చూస్తే 136 నుంచి 174 మాత్రమే, చాలావాటికి స్క్రీన్ కూడా ఉండదు, రేటు మాత్రం గట్టిగా ఉంటుంది. "బ్రాండు పేరుకే డబ్బులు రా" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను.

ముందు సెన్సిటివిటీ సంగతి చూద్దాం. మంచి ప్రొఫెషనల్ సెట్టుకి ఇది 0.25 మైక్రోవోల్టు దగ్గర ఉంటుంది. మంచి హాబీ స్కానర్లూ దానికి మరీ దూరంలో ఉండవు. అంటే సన్నటి సిగ్నల్ పట్టుకోవడంలో పెద్ద తేడా లేదు. అసలు తేడా పక్కన గోల ఉన్నప్పుడు బయటపడుతుంది. పెళ్లిలో బ్యాండు మేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడి చూడండి. మీ చెవికేం లోపం లేదు, అయినా అవతలి మాట అర్థం కాదు. మన ఊళ్లలో గాలి నిండా అలాంటి మేళాలే: ఎఫ్ఎం స్టేషన్లు, సెల్ టవర్లు, పేజీల కొద్దీ ఇతర ఛానెళ్లు.

ప్రొఫెషనల్ సెట్టులో యాంటెన్నా వెనకాలే తన బ్యాండుకి మాత్రమే దారిచ్చే ఫిల్టర్ ఉంటుంది. మేళం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అన్నీ వినాలనుకునే స్కానర్‌కి ఆ గుమ్మం బార్లా తెరిచి ఉండాల్సిందే. అప్పుడు బలమైన స్టేషన్లు మొదటి యాంప్లిఫయర్‌లోనే ఒకదాంతో ఒకటి కలిసి, లేని సిగ్నళ్లని పుట్టిస్తాయి. ఉదాహరణకి 91.1, 106.4 మీద రెండు గట్టి స్టేషన్లు ఉన్నాయనుకోండి. 106.4ని రెట్టింపు చేసి 91.1 తీసేస్తే 121.7. అది విమానాల బ్యాండు. గాల్లో అక్కడ ఏ పాటా లేదు, మీ రిసీవర్‌లో మాత్రం ఉంటుంది. థర్డ్ ఆర్డర్ ఇంటర్‌మాడ్యులేషన్ అని మనం పరీక్షకి బట్టీపట్టింది ఇదే.

తర్వాతిది పక్క ఛానెల్ గొడవ. 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో మంచి సెట్టు పక్కవాణ్ణి సుమారు 60 డీబీ తొక్కిపడుతుంది, అంటే పవర్‌లో పది లక్షల రెట్లు. డాంగిల్‌లో ఉన్నది ఎనిమిది బిట్ల ఏడీసీ. క్లాసులో చెప్పిన ఫార్ములా వేస్తే డైనమిక్ రేంజ్ 50 డీబీ దగ్గర ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ ఫిల్టర్లతో కొంత రాబట్టొచ్చు. కానీ ఒక గట్టి సిగ్నల్ ఏడీసీని నింపేశాక, అడుగున మునిగిపోయిన మాటని ఏ కోడూ పైకి తీయలేదు.

ఇక మన 'క' దగ్గరికి వద్దాం. అచ్చులకి బలం ఎక్కువ, అవి కింది ఫ్రీక్వెన్సీల్లో హాయిగా వినపడతాయి. హల్లుల్ని వేరు చేసి చూపే సమాచారం చాలావరకు 1000 హెర్ట్జ్ పైన ఉంటుంది. ఎఫ్ఎం రిసీవర్‌లో నాయిస్ కూడా పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. అంటే మాటలో బలహీనమైన భాగం మీదే దెబ్బ పడుతుంది. అందుకే పంపేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలని ఎత్తి, అందుకునేటప్పుడు అంతే దించుతారు. ప్రొఫెషనల్ వ్యవస్థలో ఈ రెండు వైపులూ ఒకే లెక్క ప్రకారం కట్టినవి. స్కానర్‌కి అవతలి లెక్క తెలియదు. 2.5 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో వచ్చే మాటని 5కి కట్టిన రిసీవర్‌తో వింటే, గొంతు సగానికి పడిపోయి నాయిస్ ఎక్కువ వస్తుంది. ఇంకో విషయం: ప్రొఫెషనల్ సెట్టులో స్పీకరు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే గట్టిగా పలుకుతుంది. పాట పెడితే రేకు డబ్బాలా ఉంటుంది, మాట మాత్రం గాలిలో, ఇంజన్ మోతలో కూడా తెలుస్తుంది. మధురంగా ఉండటం వేరు, స్పష్టంగా ఉండటం వేరు.

డిజిటల్ వస్తే ఇదంతా పోతుందనుకుంటే అమెరికాని చూడండి. అక్కడ స్కానర్ పెద్ద హాబీ. పోలీసు, ఫైర్ వాళ్లు వాడే ప్రాజెక్ట్ 25 వ్యవస్థల్లో చాలాచోట్ల అనేక టవర్లు ఒకే మాటని ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పంపుతాయి. రెండు టవర్ల సిగ్నళ్లు కొన్ని మైక్రోసెకన్ల తేడాతో వచ్చి ఒకదానిమీద ఒకటి పడతాయి. డిపార్ట్‌మెంట్ సెట్లు దాన్ని తట్టుకునేలా కట్టినవి. మామూలు స్కానర్‌లో మాత్రం సిగ్నల్ బార్లు నిండుగా ఉన్నా మాట ముక్కలు ముక్కలవుతుంది. 2018లో యూనిడెన్ ఎస్‌డీఎస్100 ఐ-క్యూ రిసీవర్‌తో వచ్చాకే ఆ హాబీవాళ్లకి కాస్త ఊపిరి ఆడింది.

ఇదంతా చెప్పింది డాంగిల్‌ని తిట్టడానికి కాదు. స్పెక్ట్రమ్ అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే దానంత చవక గురువు లేదు. ఎఫ్ఎం బ్యాండుని ఆపే చిన్న ఫిల్టరు పెట్టండి, వినే బ్యాండుకి సరిపడా యాంటెన్నా కట్టండి, గెయిన్ తగ్గించి చూడండి. 144-146 మెగాహెర్ట్జ్‌లో హ్యామ్‌ల మాటలు ఎంత మారతాయో మీకే తెలుస్తుంది. పోలీసుల మాటల జోలికి మాత్రం పోకండి, మన చట్టం ఒప్పుకోదు. ఇంకో సంగతి గమనించండి. నేను చెప్పిన చిట్కాల్లో ఏదీ రేడియోకి కొత్తగా ఏదీ కలపలేదు. అన్నీ అక్కర్లేనిదాన్ని ఆపేవే.

నాకు బాధ ఇక్కడే. మన ప్రాజెక్టు రివ్యూల్లో మొదటి ప్రశ్న "ఇది ఇంకా ఏమేం చేస్తుంది?" ఒక సెన్సర్ ఉంటే మూడు పెట్టమంటారు, యాప్ ఉంటే క్లౌడ్ ఏదంటారు. మార్కులూ అలాగే పడతాయి, కాబట్టి మనమూ అలాగే కడతాం. ఆ చప్పుడులో అది తన అసలు పని సరిగ్గా చేస్తుందా అని ఎవరం అడగం. రేపు ఉద్యోగంలో మనం కట్టే పరికరం మీద ఆధారపడి ఎవరో ఒకరు నిజంగానే ఆ మెట్ల మీద ఉంటారు. వచ్చే రివ్యూలో మీ బ్యాచ్ నుంచి ఒక్కరైనా ప్రశ్న మార్చి అడగండి: "ఇది వేటిని పట్టించుకోకూడదు? పట్టించుకోవట్లేదని టెస్ట్ చేశారా?"