ఆ "ఎవరో ఒకరు" ఎవరు?

మొన్న మా పక్కింటావిడ కొత్త కాటుక తెచ్చింది. అట్టపెట్టె మీదున్న కుందేలు బొమ్మ చూపించి, "ఇదేమిటండీ, పిల్లల సరుకా?" అని అడిగింది. ఈ సరుకుని జంతువుల మీద పరీక్షించలేదని గుర్తు అది అని చెప్పాను. ఆవిడ కాస్సేపు ఆలోచించి, "అయినా ఎవరో ఒకరి కంట్లో వేసి చూడాలి కదండీ!" అంది.

ఆ "ఎవరో ఒకరు" అన్న మాటతోనే నా తగువు.

1933లో అమెరికాలో కనురెప్పలకి వేసుకునే ఒక రంగు వల్ల కొందరు స్త్రీల కళ్ళు దెబ్బతిన్నాయి. ఒకావిడకి చూపే పోయింది. 1938లో అక్కడ గట్టి చట్టం వచ్చింది. మంచిదే. కానీ 1944లో డ్రెయిజ్ అనే ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష పెట్టాడు. కుందేలుని మెడ దగ్గర బిగించి ఒక కంట్లో సరుకు వేస్తారు. రెండో కన్ను పోల్చుకోవడానికి. ఎంత ఎర్రబడింది, ఎంత మసకబారింది అని రోజుల తరబడి చూసి మార్కులు వేస్తారు! మన కంట్లో నలుసు పడితే ఇల్లంతా పరుగులు పెట్టిస్తామే, దానికి కన్ను నలుపుకునే వీలు కూడా లేదు. పోనీ అది మన కన్నులాంటిదా అంటే, అదీ కాదు. కుందేలుకి మూడో రెప్ప ఉంది, కన్నీళ్ళు మనకన్నా తక్కువ.

"మరి మందుల మాటేమిటి?" అంటారు. నిజమే. 1921లో కుక్కల మీద చేసిన ప్రయోగాల వల్లే ఇన్సులిన్ దొరికింది. చక్కెర జబ్బు తొంగిచూడని ఇల్లేదీ? ఆ రుణం కాదనను. కానీ ప్రాణం నిలిపే మందునీ, పదిహేను రకాల కాటుకలున్న కొట్లోకి వచ్చే పదహారో కాటుకనీ ఒకే తక్కెడలో తూస్తామా?

వేరే దారి లేకనా? జంతువులకి బదులు వేరే పద్ధతులు వెతకాలని 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పుస్తకం రాశారు. ఎవరు విన్నారు? 1980లో హెన్రీ స్పైరా అనే న్యూయార్కు బడిపంతులు పత్రికలో పేజీ నిండా ప్రకటన వేయించి ఒక పెద్ద కంపెనీని నిలదీశాడు. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ వేరే పద్ధతుల పరిశోధనకి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి ఏడున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు జాలితో కదలనివాళ్ళు బేరం పోతుందనగానే కదిలారన్నమాట! ఇవాళ మనిషి కణాలతోనే చర్మంలాంటి పొరనీ, కంటి పైపొరలాంటి దాన్నీ పెంచి, వాటి మీద పరీక్షిస్తున్నారు.

2014లో మన దేశం సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించడాన్నీ, అలా పరీక్షించిన వాటి దిగుమతినీ నిషేధించింది. ఏమైంది? కాటుకకి కరువొచ్చిందా? అయితే ఆ నిబంధన సౌందర్య సాధనాల వరకే. నేల తుడిచే మందు సంగతి, గిన్నెలు తోమే ద్రావకం సంగతి కొట్లో అడగాల్సింది మనమే. కొనే చెయ్యి మనదే కదా!

ఇంట్లో "ఎవరో ఒకరు సర్దుకోవాలి" అన్నప్పుడల్లా ఆ ఎవరో ఎవరో మనకి బాగా తెలుసు. కాదని చెప్పలేనివాళ్ళే. ఆ మాట బరువు తెలిసిన ఆడవాళ్ళమే దాన్ని ఇంకో నోరులేని ప్రాణి మీద మోపితే ఎలాగండీ?