మూత కింద దొరికింది మన సిమెంటే



2024 ఏప్రిల్ 16 నాటి వాన దుబాయ్‌లో ఉన్నోళ్లు ఎవ్వరం మర్చిపోలేం. ఈ దేశంలో 1949 నుంచి వాన లెక్క రాస్తున్నరు, అంత వాన ఎప్పుడూ పడలేదు. అల్ ఐన్ దిక్కు ఒకచోట ఒక్కరోజు తిరగకముందే 254 మిల్లీమీటర్లు పడ్డది.

అంత వానకు ఏ డ్రైనేజీ తట్టుకోదు, నిజమే. కానీ మా సైట్ గేటు ముందర నీళ్లు వాన ఆగినా కదల్లేదు. మూత తీసి చూస్తే లోపల నిండా ఇసుక, దాని మీద గట్టిపడ్డ సిమెంటు. మిక్సర్ బండి కడిగిన నీళ్లు అందులోకే పోయేవి. బండిని అక్కడ కడగమన్నది నేనే. పని తొందరలో అంతే అనుకున్న. ఆ మురికి నీళ్లలో మోకాళ్ల లోతున నడిచి బస్సెక్కింది మాత్రం మా లేబర్ తమ్ముళ్లు.

అందుకే అంటున్న, ఇది మున్సిపాలిటీ పని అని మనం తప్పించుకోవద్దు. చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇసుక, మట్టి కుప్పలు డ్రైనేజీ జాలీకి దూరంగా పోసి పట్టా కప్పాలి. వాన వస్తదని తెలిస్తే జాలీ చుట్టూ కంకర బస్తాలు పెట్టాలి. నీళ్లు పోతయ్, ఇసుక ఆగుతది. జాలీని మొత్తం మూస్తే మాత్రం రోడ్డే మునుగుతది. మిక్సర్ కడగడానికి ప్లాస్టిక్ పరిచిన గుంత వేరే ఉండాలి. గేటు కాడ టైర్ల మట్టిని పైపుతో కొట్టొద్దు, ఊడ్చి ఎత్తాలి. ఫౌండేషన్ గుంతలో నీళ్లు తోడితే ముందు ట్యాంకులో నిలబెట్టాలి. ఊర్లో బురద నీళ్లు బిందెలో తేరినట్టు మన్ను అడుగుకు దిగుతది, పైన తేట నీళ్లే బయటికి వదలాలి. బిల్డింగ్ అప్పజెప్పే ముందు కూడా పైపులు శుభ్రం చేయించాలి.

ఇంకో మాట. పూడింది తీయడానికి ఎవ్వరు చెప్పినా మ్యాన్‌హోల్‌లోకి దిగొద్దు. లోపల గ్యాస్ ఉంటే పాణం పోతది. దానికి మిషన్లు, ట్రైనింగ్ అయిన మనుషులు వేరే ఉంటరు.

దుబాయ్‌లో ఇప్పుడు 3,000 కోట్ల దిర్హాములతో కొత్త వాననీటి డ్రైనేజీ కడుతున్నరు, 2033 కల్లా అయిపోవాలట. ఎంత పెద్ద పైపు వేసినా మనం ఇసుకతో నింపితే ఏం లాభం?

తోటి సూపర్‌వైజర్లకు నా మనవి: తప్పు మన ఆర్డర్‌లో ఉంటే లేబర్ మీద నెట్టొద్దు. తమ్ముళ్లూ, జాలీలోకి సిమెంటు నీళ్లు పోయమంటే "సార్, గుంత ఎక్కడ?" అని ఒక్కసారి అడుగుండ్రి. నన్ను ఆనాడు ఎవరన్నా అడిగి ఉంటే బాగుండు.