బిడ్డ బువ్వకు రాజీ లేదు!

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన పేటల్లో మొగుడూ పెళ్లాల తగువు ఎక్కువగా తేలేది చర్చి అరుగు మీదో, వేపచెట్టు కిందో. పెద్దలు కూర్చుంటారు. స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాస్తారు. మంచం, బిందెలు, బంగారం అన్నీ లెక్కకొస్తాయి. ఆఖర్న ఒక ముక్క: ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదు. ఆమె వేలిముద్ర ఏస్తది. ఆ ముక్కతోనే చంకలో బిడ్డ బువ్వ కూడా తెగిపోద్ది.

పెద్దల్లారా! బిడ్డ బువ్వను రాజీ చేసే హక్కు మీకెవరిచ్చారు? తల్లి తన భరణం వదులుకోవచ్చు. బిడ్డ భరణం ఆమె సొత్తు కాదు, వదలటానికి! "మగపిల్లాడు మావోడు, ఆడపిల్లని నువ్వే తీసుకుపో" అంటారు. పిల్లలేమన్నా పంచుకునే గొడ్లా? బిడ్డ ఎవరి దగ్గరుండాలన్నది బిడ్డ మేలును బట్టే తేలాలంటది చట్టం. చర్చి పెళ్లయితే, కోర్టు డిక్రీ లేకుండా మీ కాగితంతో రద్దే కాదు.

"కోర్టుకెక్కితే కులం పరువు పోద్ది" అంటారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లను నరికితే, కోర్టే మా ఊరు రావాలని కొట్లాడాం. 2004లో ఆ ఊళ్లోనే విచారణ మొదలైంది. 2014లో హైకోర్టు ముద్దాయిల్ని వదిలేసినా మన పోరు ఆగలేదు. కోర్టును ఊళ్లోకి నడిపించిన జాతి, తన ఆడబిడ్డను కోర్టు గడప తొక్కొద్దంటదా? దొర ముందు హక్కు, ఇంట్లో మాత్రం సర్దుబాటా?

"కూలోణ్ణి, యాడ తెచ్చేది?" అంటాడు తండ్రి. ఒంట్లో సత్తువున్నోడు కూలి చేసైనా పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నాట్లేసి, మిరపకాయలు కోసి తల్లి సాకటంలా?

అక్కలారా, వినండి. పాత 125 సెక్షనే 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో 144 అయింది. 500 రూపాయల హద్దు 2001లోనే పోయింది. మీరుండే చోటే కేసు వేయొచ్చు. అర్జీ పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవ్వకపోతే ఏడాదిలోపే వారెంటు అడగండి. ఆలస్యమైతే ఆ బాకీకి వారెంటు రాదు. ఎస్సీలకూ, ఆడవాళ్లకూ, పిల్లలకూ సర్కారే ఉచితంగా వకీలునివ్వాలి. న్యాయసేవాధికార కమిటీలో గట్టిగా అడగండి.

సంఘాల తమ్ముళ్లారా! ఏ పంచాయితీలోనైనా బిడ్డ భరణం ఎంత, ఏ తారీఖున, ఎవరి చేతికి అని తేల్చకుండా సంతకం పడనీయొద్దు. అంబేద్కర్ బొమ్మ కింద కూర్చుని బిడ్డ నోరు కొట్టే తీర్పు చెప్పటం, ఆయనకు చేసే ద్రోహం!